తెల్లబట్ట, దురద అంటే అన్నీ ఒకటే కాదు.. మెడికల్ షాప్ ట్యాబ్లెట్ వేసుకునే ముందు ఇవి తెలుసుకోండి

యోని దగ్గర దురద, మంట, తెల్లబట్ట ఎక్కువగా అవడం.. చాలామంది అమ్మాయిలు ఈ సమస్యను ఇంట్లో చెప్పరు. "వేడి చేసిందేమో" అనుకుని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగుతారు. తగ్గకపోతే మెడికల్ షాప్‌లో మెల్లగా అడిగి ఒక ట్యాబ్లెట్ వేసుకుంటారు. కొందరికి తగ్గుతుంది. కొందరికి వారం తిరక్కుండానే మళ్లీ మొదలు! ఎందుకంటే ఫంగస్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ వేరు, బ్యాక్టీరియా వల్ల వచ్చేది వేరు. రెండింటికీ మందులు కూడా వేరు.

హైదర్‌గూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఏరియాల్లో గ్రూప్స్ కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు చాలామందే. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఇలాంటి సమస్య ఎవరికి చెప్పాలో తెలియదు. అందుకే ఈ వివరాలు.

అసలు ఎందుకు వస్తాయి?

యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. అది లాక్టిక్ యాసిడ్ తయారు చేస్తూ లోపల పీహెచ్‌ను సుమారు 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతుంది. ఆ పులుపులో చెడు క్రిములు పెరగలేవు. ఈ బ్యాలెన్స్ దెబ్బతింటే ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఇంకో మాట. తెల్లబట్ట కొద్దిగా అవడం జబ్బు కాదు. నెలసరి మధ్య రోజుల్లో జిగురుగా, నీళ్లలా అవడం మామూలే. "తెల్లబట్టతో ఎముకలు కరిగిపోతాయి" అనేది అపోహ మాత్రమే. రంగు, వాసన మారినా, దురద, మంట ఉన్నా అప్పుడు పట్టించుకోవాలి.

తేడా ఎలా తెలుస్తుంది?

ఈస్ట్ ఇన్ఫెక్షన్: ఇది క్యాండిడా అనే ఫంగస్ వల్ల వస్తుంది. దురద విపరీతంగా ఉంటుంది. విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా తెల్లబట్ట అవుతుంది. వాసన పెద్దగా ఉండదు. మూత్రం పోసేటప్పుడు చర్మం మండుతుంది.

బ్యాక్టీరియల్ వజైనోసిస్: పల్చగా, బూడిద రంగు కలిసిన తెలుపులో డిశ్చార్జ్ అవుతుంది. నీచు వాసన వస్తుంది. కలయిక తర్వాత ఆ వాసన ఇంకా ఎక్కువ. దురద తక్కువ. చాలామందికి అసలు లక్షణాలే కనిపించవు.

ట్రైకోమోనియాసిస్: పసుపు లేదా ఆకుపచ్చ రంగులో నురగలా అయితే దీన్ని అనుమానించాలి. ఇది లైంగికంగా సోకుతుంది కాబట్టి భాగస్వామి కూడా మందు వాడాలి.

అయితే చూసి చెప్పడంలో డాక్టర్లు కూడా పొరబడే అవకాశం ఉంది. పైగా రెండు ఇన్ఫెక్షన్లు ఒకేసారి ఉండొచ్చు. పీహెచ్ టెస్ట్, స్వాబ్ తీసి మైక్రోస్కోప్‌లో చూడటం ద్వారా కచ్చితంగా తెలుస్తుంది.

దేనికి ఏ మందు?

ఈస్ట్‌కు క్లోట్రిమజోల్ లాంటి క్రీమ్ లేదా లోపల పెట్టుకునే ట్యాబ్లెట్ ఇస్తారు. లేదంటే ఫ్లూకోనజోల్ 150 ఎంజీ మాత్ర ఒక్కటి. గర్భిణులకు ఈ మాత్ర ఇవ్వరు, క్రీమ్ లేదా లోపల పెట్టుకునే మందే సాధారణంగా 7 రోజులు వాడమంటారు.

బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కు మెట్రోనిడజోల్ మాత్రలు, సాధారణంగా రోజుకు రెండుసార్లు చొప్పున 7 రోజులు, లేదా క్లిండామైసిన్ ఇస్తారు. మూడో రోజుకే తగ్గింది కదా అని ఆపేయకూడదు. దీన్ని వదిలేస్తే హెచ్ఐవీ, ఇతర సుఖవ్యాధులు సోకే ముప్పు పెరుగుతుంది. గర్భిణుల్లో నెలలు నిండకుండానే కాన్పు అయ్యే రిస్క్ ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. బ్యాక్టీరియా సమస్యకు ఫ్లూకోనజోల్ వేసుకుంటే పని చేయదు. ఈస్ట్ ఉన్నప్పుడు యాంటీబయాటిక్ వేసుకుంటే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి ఈస్ట్ ఇంకా ముదురుతుంది. ఇక స్టెరాయిడ్ కలిసిన దురద క్రీములు మరీ డేంజర్. రెండు రోజులు హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది.

పదే పదే వస్తుంటే?

ఏడాదిలో మూడు, నాలుగు సార్లు ఈస్ట్ వస్తే షుగర్ టెస్ట్ తప్పనిసరి. షుగర్ కోసం వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల వల్ల కూడా రావొచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, మాత్రలు మీరే ఆపేయొద్దు.

బ్యాక్టీరియల్ వజైనోసిస్ తిరగబెట్టడం కూడా ఎక్కువే. 2025లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో భర్త లేదా భాగస్వామికి కూడా చికిత్స చేస్తే మళ్లీ రావడం బాగా తగ్గింది. మళ్లీ మళ్లీ వస్తుంటే ఈ విషయం డాక్టర్‌ను అడగండి.

రాకుండా ఏం చేయాలి?

* లోపలి భాగాన్ని కడగొద్దు. బయట మామూలు నీళ్లు చాలు. ఇంటిమేట్ వాష్‌లు, సెంటు, డెటాల్ నీళ్లు అవసరం లేదు.
* పెరుగు, వెల్లుల్లి, పసుపు లాంటివి లోపల పెట్టొద్దు.
* కాటన్ లోదుస్తులు వాడండి. వానాకాలంలో హాస్టల్ రూమ్‌లో తాడు మీద ఆరేసినవి పూర్తిగా ఆరాకే వేసుకోండి. చెమ్మ ఉంటే ఫంగస్‌కు పండగే.
* లైబ్రరీలో గంటల కొద్దీ కూర్చున్నా, పీరియడ్స్‌లో ప్యాడ్ 4 నుంచి 6 గంటలకోసారి మార్చండి.
* టాయిలెట్ తర్వాత ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోండి.
* జలుబుకు, జ్వరానికి సొంతంగా యాంటీబయాటిక్స్ వాడొద్దు.

"హాస్టల్ బాత్రూమ్ వల్ల అంటుకుందా?" అని చాలామందికి డౌట్. టాయిలెట్ సీటు వల్ల ఈ ఇన్ఫెక్షన్లు రావు. అలాగే ఈస్ట్ సుఖవ్యాధి కాదు. పెళ్లికాని, లైంగిక సంబంధం లేని అమ్మాయిలకూ వస్తుంది. కాబట్టి ఎవరూ తప్పుగా అనుకోవాల్సిన పని లేదు.

ఎక్కడికి వెళ్లాలి?

ఈ ఏరియాకు దగ్గరలోనే కింగ్‌కోఠి ప్రభుత్వ ఆసుపత్రి, సుల్తాన్ బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్ల నుంచి ఒకవైపు సుల్తాన్ బజార్, మరోవైపు గాంధీ ఆసుపత్రి స్టేషన్.. రెండూ ఒకే లైన్‌లో ఉంటాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉండే సురక్ష క్లినిక్‌లలో ఈ సమస్యలకు పరీక్ష, మందులు ఉచితం. టెస్ట్ సౌకర్యం లేనిచోట ఆకుపచ్చ రంగు కిట్ ఇస్తారు. అందులో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ రెండూ ఉంటాయి. అంటే బ్యాక్టీరియాకు, ఫంగస్‌కు కలిపి మందు అన్నమాట.

డాక్టర్ "పెళ్లయిందా?" అని అడిగితే కంగారు పడొద్దు. ఏ పరీక్ష చేయాలి, ఏ మందు ఇవ్వాలి అనేది తేల్చుకోవడానికే ఆ ప్రశ్న. మీ అనుమతి లేకుండా లోపలి పరీక్ష చేయకూడదు. మీరు చెప్పిన వివరాలు బయటపెట్టకూడదు. లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు.

వెంటనే వెళ్లాల్సింది ఎప్పుడంటే..

జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా, పీరియడ్స్ కాని రోజుల్లో రక్తం కనిపించినా, పుండ్లు ఉన్నా, గర్భిణి అయినా, షుగర్ ఉన్నా, మందు వాడినా తగ్గకపోయినా ఆలస్యం చేయొద్దు. మెనోపాజ్ తర్వాత ఎర్రబట్ట కనిపిస్తే అసలు తాత్సారం వద్దు.

గమనిక: ఈ సమాచారం కేవలం అవగాహన కోసమే. మందుల పేర్లు చూసి సొంతంగా కొని వాడకండి. గైనకాలజిస్ట్‌ను సంప్రదించిన తర్వాతే చికిత్స తీసుకోండి.