గడ్డకట్టిన నది, మారిన జెండా

మంచు అంటే మా పాలకొల్లువారికి తెలిసినది ఒక్కటే: ధనుర్మాసపు తెల్లవారుజామున వరికుప్పల మీద దిగి, పొద్దెక్కగానే విడిపోయేది. సముద్రం దగ్గర గనుక చలి ఎన్నడూ ముదరదు. జనవరిలో సైతం 18, 20 డిగ్రీల దరినే ఆగిపోతుంది. ఇటువంటి ఊరి జెండాను గడ్డకట్టిన నది ఒకటి మార్చిందంటే మిత్రులు నమ్ముతారా?

పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు బట్టల వర్తకానికై ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. వారి దేశం ఉత్తర సముద్రపు టొడ్డున ఉన్న పల్లపు నేల. కొంత భాగం సముద్రమట్టానికి దిగువనే. ఆ నేలకు నీరే శత్రువు, నీరే కోట. 1672లో పద్నాలుగవ లూయీ దండెత్తినపుడు గట్లు తెంచి పొలాలు ముంచి ఫ్రెంచివారిని నిలిపివేశారు. ఆ కోటకు ఉన్న లోపం చలికాలం.

1794-95 శీతకాలంలో చలి విపరీతమైంది. డిసెంబరు చివర మ్యూజ్ నది, జనవరి 10 ప్రాంతంలో వాల్ నది గడ్డకట్టగా, పిషెగ్రూ సేనలు వాటిపై నడిచి దాటినవి. (మకర సంక్రాంతి ఆ కాలంలో ఇంచుమించు ఆ రోజులలోనే వచ్చేది. ఇక్కడ భోగిమంటలు, అక్కడ మంచుపై ఫిరంగులు!) మంచే సమస్తమూ చేసిందనను, ఫ్రెంచివారికి ఎదురేగి స్వాగతమిచ్చిన డచ్చి దేశీయులూ ఉన్నారు. అయితే 1672లో ఆగిన సేన ఈసారి ఆగకపోవడానికి మంచును మించిన కారణం నాకు కనబడదు.

జనవరి 18న అయిదవ విలియం చేపల పడవలో ఇంగ్లండుకు పారిపోయాడు. ఫిబ్రవరి 7న క్యూ నుండి లేఖలు వ్రాశాడు: వలస స్థావరాలను ఫ్రెంచివారికి చిక్కకుండా ఆంగ్లేయుల రక్షణలో ఉంచవలసినదని. ఆ ఏడే పాలకొల్లు, జగన్నాథపురం, భీమునిపట్నం ఆంగ్లేయుల వశమైనవి. 1781లోనూ ఒకమారు పట్టుకొని తిరిగి ఇచ్చారు గాని, ఆ యుద్ధానికి చలితో పని లేదు.

ఈసారి తిరిగి ఇవ్వడానికి 1818 దాకా పట్టింది. అప్పటికి మిగిలినదేమీ లేదు. 1824 మార్చి 17న లండనులో జరిగిన సంధితో డచ్చివారు హిందూదేశపు స్థావరాలన్నిటినీ వదులుకున్నారు. మరుసటి ఏట పాలకొల్లు కంపెనీ పాలన క్రిందికి వచ్చింది. ఊళ్ళో వారి సమాధులు మిగిలినవి.