చలిని మోసిన గొట్టాలు

లైడెన్‌లో 1908 జులై 10న భౌతిక శాస్త్రవేత్త కామర్లింగ్ ఆన్స్ హీలియంను తొలిసారి ద్రవంగా మార్చాడు. ఆ ద్రవం తయారైన గదిలోనే ఖర్చయింది. 1911లో పాదరసంలో అతివాహకతను, అంటే చలిలో విద్యుత్ నిరోధం మాయమవడాన్ని, కనిపెట్టిందీ ఆయన ప్రయోగశాలలోనే. చలిని దూరం మోయాల్సిన పని అతివాహక అయస్కాంతాలతో కణాలను పరుగెత్తించే యాక్సిలరేటర్లతో మొదలైంది.

అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో 1983లో నడక మొదలుపెట్టిన టెవట్రాన్ చుట్టుకొలత 6.3 కిలోమీటర్లు. కేంద్ర ప్లాంటు నుంచి ద్రవ హీలియం, ద్రవ నైట్రోజన్ ఒక లైన్‌లో వలయం చుట్టూ సాగేవి. 24 చిన్న శీతల కేంద్రాలు వాటిని అందుకుని దగ్గర్లోని అయస్కాంతాలను చల్లబరిచేవి. 1990ల మొదట్లో జర్మనీలో పనిచేయసాగిన హెరా కూడా దాదాపు అంతే పెద్దది. అక్కడ శీతల యంత్రాలన్నీ ఒకేచోట ఉంచి, వలయమంతటికీ లైన్ ద్వారానే హీలియం పంపారు.

సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీకి వచ్చేసరికి వలయం 27 కిలోమీటర్లయింది. పెద్ద శీతల యంత్రాలు మాత్రం ఎనిమిదే, అవీ ఐదు చోట్ల. ఒక్కొక్కటి 3.3 కిలోమీటర్ల సెక్టార్‌ను పోషించాలి. పైగా కావలసింది 1.9 కెల్విన్, అంటే సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్. అందుకు హీలియం మీది పీడనాన్ని వాతావరణ పీడనంలో అరవయ్యో వంతుకు దించాలి. అంత పలచని ఆవిరిని కిలోమీటర్ల దూరం వెనక్కి లాగాలంటే గొట్టం వెడల్పుగా ఉండక తప్పదు. మొదట్లో గొట్టాలన్నీ అయస్కాంతాల తొడుగులోనే ఇమడ్చాలనుకున్నారు. చివరికి పక్కనే వేరే లైన్ వేసి, దాదాపు ప్రతి 107 మీటర్లకూ ఒక కొమ్మ తీశారు. బయటి తొడుగులో శూన్యం. లోపల చల్లని హీలియం తెచ్చే గొట్టాలు, ఆవిరిని తిరిగి తీసుకెళ్లేవి, 50 నుంచి 75 కెల్విన్ల దగ్గర వేడిని అడ్డుకునే కవచాలకు చలి అందించేవి.

చల్లబడితే స్టీలు మీటరుకు మూడు మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. సెక్టార్ మొత్తం మీద అది పది మీటర్లు. ఆ కదలికను ముడతల గొట్టాలు భరించాలి, లోపలి ఆధారాలు జారుతూ సర్దుకోవాలి. 2004లో సరిగ్గా ఆ ఆధారాలే విరిగాయి. పని ఆపి, బిగించిన భాగాలు విప్పి మరమ్మతు చేశారు. 2006 చివరికి గానీ లైన్ పూర్తికాలేదు.

యంత్రాలు తగ్గేకొద్దీ వాటిని నడపడం సులువైంది, గొట్టం పని మాత్రం పెరిగింది. ఎల్‌హెచ్‌సీని మరింత శక్తిమంతం చేసే ప్రణాళికలో ఢీకొనే బిందువులు ఒకటి, ఐదు దగ్గర కొత్త శీతల యంత్రాలు, కొత్త లైన్లు పెడుతున్నారు. వేడి ఎక్కువగా పుట్టేచోటికే చలిని తీసుకెళ్లడం మళ్లీ లాభసాటి అయింది.