డ్రైవర్ సాబ్ వాళ్ల ఊరు

వికారాబాద్ జంక్షన్‌లో బండి ఆగింది. నాయన కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటికి పెట్టి చూపిస్తున్నాడు.

"అగో, ఆడ నిలబడేటోన్ని బిడ్డా, నీళ్ల ట్యాంకు కాడ. పాయింట్స్‌మెన్ నౌకరీ."

చూపిస్తున్న చోట ట్యాంకూ లేదు, నీళ్లు తాగే ఇంజనూ లేదు. తమ్ముడి కూతురు ఆ ఖాళీ వైపు చూసి మర్యాదగా తలూపింది. మెల్‌బోర్న్‌లో పుట్టిన పిల్ల, పదకొండేళ్లు. 2021 ఆస్ట్రేలియా జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పిన 59 వేల మందిలో ఇదీ ఒకతి. అందులో తెలుగెంత అని అడక్కండి.

పర్లి పోయే పట్టాలు పక్కకు విడిపోయాయి. మూసీ పుట్టే అనంతగిరి కొండలు మెల్లగా వెనకబడుతున్నాయి. డిసెంబరు చలిగాలి కిటికీలోంచి కొడుతుంటే పిల్ల చున్నీ ముఖానికి చుట్టుకుంది. వాళ్లకిప్పుడు ఎండాకాలం. క్రిస్మస్‌కు సముద్రం ఒడ్డున కూర్చుని ఐస్‌క్రీం తింటారు. అక్కడ సూర్యుడు ఉత్తరం పక్కగా నడుస్తాడని తమ్ముడు చెబితే నాయన ఒకటే అడిగాడు: "మరి ఇల్లు ఏ ముఖం?" తూర్పేనట. నాయన నిమ్మళపడ్డాడు.

ధారూర్ దాటాక పిల్లకు సందేహం వచ్చింది.

"తాతా, డాడీ 'హోంకి పోదాం' అంటే ఇక్కడికి అంటాడు. మన హోం మెల్‌బోర్న్‌లో టార్నీట్ కదా?"

తమ్ముడు ఫోన్లోకి తల దించుకున్నాడు. నాయన మాత్రం నవ్వాడు.

"గట్లనే ఒక డ్రైవర్ సాబ్ ఉండె. లాలాగూడల ఇల్లు. ముత్తాత ఎవరో ఇంగ్లండ్ నుంచి వచ్చిండంట. సాబ్ పుట్టింది ఈడ్నే, వాళ్ల నాయన పుట్టింది ఈడ్నే. నోరు తెరిస్తే 'హోంల అట్ల, హోంల ఇట్ల' అంటుండె. హోం అంటే లాలాగూడ అనుకున్న. ఎన్నేండ్లకో తెలిసింది, ఇంగ్లండ్ అని. చూసినవా సాబ్ అంటే, లేదన్నడు."

ఆ మాటకొస్తే మా కింద ఉన్న ఈ లైనుకూ లండన్‌లో చుట్టరికం ఉంది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా 1874లో వేశారు. తర్వాత లండన్‌లో పెట్టిన కంపెనీ చేతికి పోయింది. నిజాం సర్కారు కొనుక్కునేసరికి 1930. అన్నాళ్లూ ఇంజన్ల మీద, వర్క్‌షాపుల్లో ఆంగ్లో ఇండియన్లు చాలామందే ఉండేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది.

"సాబ్ ఇంగ్లండ్ పోయిండా?" తాత యాసలోనే అడిగింది పిల్ల.

"లే. పెర్త్ పోయిండు, మీ దిక్కు."

ఆ రోజుల్లో అటు పోవడం తేలిక కాదు. తెల్లవాళ్లకే తలుపు తెరిచే పద్ధతి 1973లో పూర్తిగా పోయింది. అంతకుముందు మిశ్రమ సంతతివాళ్లు తమ రక్తంలో యూరప్ పాలెంతో రుజువు చూపించాల్సి వచ్చేది. ఎన్నడూ చూడని ఇంగ్లండ్, ఎవరూ చూడని ముత్తాత, అట్లా కాగితం మీద పనికొచ్చారు. మా తమ్ముడికి ముత్తాతతో పని పడలేదు. వయసు, చదువు, ఇంగ్లిష్ పరీక్ష కూడి పాయింట్లు సరిపోయాయి. పాయింట్స్‌మెన్ కొడుకు కదా అని నేనప్పుడు ఎగతాళి చేశాను.

"మళ్ల మాట్లాడలేదా తాతా?"

"ఒక్క కార్డు రాసిండు. బండ్లు టైముకు వస్తయంట. పక్కింటోడు చెప్పకుండ రాడంట. మామిడికాయ తొక్కు దొరకదు, పంపే వీలుంటే పంపుమన్నడు." నాయన కాసేపు ఆగాడు. "హోం అన్న మాట ఆ కార్డుల లేదు."

తాండూరు. స్టేషన్ బయట ఆటోవాడు ఒకరితో తెలుగు, ఇంకొకరితో కన్నడ, మాతో ఉర్దూ. దారి పొడుగునా పాలిషింగ్ యూనిట్లు, కోత రంపాల రొద, చెట్ల ఆకుల మీద తెల్లటి రాతిపొడి. నిలబెట్టిన నాపరాళ్లు ఎండలో నీలంగా మెరుస్తున్నాయి. మెల్‌బోర్న్‌లో వాళ్ల వీధిలో చప్పుడు చేసేది చెత్తబండి ఒక్కటేనట, అదీ వారానికోసారి. ఇక్కడ ఆటో దిగేలోపే ముగ్గురు "ఎప్పుడొచ్చిన్రు?" అని అడిగేశారు, నాలుగో ఆవిడ పిల్ల బుగ్గ గిల్లేసింది.

సాయంత్రం చేనికి పోయి వచ్చాం. ఈ నేలదేనని 2022లో జీఐ ముద్ర పడిన కంది, నడుము దాటి కాసింది. పిల్ల చేతులారా తెంపిన పచ్చికాయలను అమ్మ ఉప్పేసి ఉడకబెట్టింది. నాలుగు కందులు విత్తనానికి మూటకడతానంది కూడా. తమ్ముడు వద్దన్నాడు. అక్కడ దిగగానే ఒక కార్డు నింపాలి: తిండి, గింజలు, చివరికి బూట్లకు మన్ను ఉన్నా చెప్పాలి. మొలకెత్తే గింజయితే చాలావరకు అక్కడే తీసేసుకుంటారు.

"మన్ను కూడనా?" అంది అమ్మ.

ఇప్పుడు వాకిట్లో బండ మీద కూర్చుని, పాత బ్రష్షుతో మనవరాలి బూట్ల గాళ్లలోంచి నల్లరేగడి గీకుతోంది. పిల్ల పక్కనే కాయలు ఒలిచి తింటూ, పొట్టు కుప్ప పోస్తోంది. కడిగిన నల్లనీళ్లు బండ వాలున జారి జామచెట్టు మొదట్లోకి పోతున్నాయి.