పరిగె ఏరినవాళ్లు చదివిన బైబిలు: ఉత్తరాంధ్ర దళితవాడల్లో వాక్యం, కూలి, భూమి

ఉత్తరాంధ్రలో క్రైస్తవం గురించి రాసినవాళ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకరు మిషన్ చరిత్రకారులు. ఏ దొర ఏ ఊళ్లో ఎప్పుడు దిగాడు, ఎంతమందికి బాప్తిస్మమిచ్చాడు, ఎన్ని బళ్లు పెట్టాడు, ఇదీ వాళ్ల లెక్క. రెండోవాళ్లు మతమార్పిడిని తప్పుపట్టేవాళ్లు. గింజల కోసం, గుడ్డల కోసం మాలలు మతం మారారని వీళ్ల మాట. ఇద్దరూ ఒకచోట కలుస్తారు. మతం పుచ్చుకున్న మనిషికి సొంత బుర్ర ఉందని, పుస్తకం చేతికొచ్చాక దాన్ని తన బతుక్కి తగ్గట్టు చదువుకోగలడని ఇద్దరూ అనుకోరు. దొర ఇచ్చాడు, మాలవాడు పుచ్చుకున్నాడు. అక్కడితో చరిత్ర అయిపోయింది.

ఈ వ్యాసంలో మేము అడిగే ప్రశ్న వేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దళితవాడల్లో బైబిలు ఏ పనికొచ్చింది? కూలి తక్కువ కొలిచిన నాడు, భూమి పోయిన నాడు, బిడ్డ జ్వరంతో పడుకున్న నాడు ఆ పుస్తకంలోంచి మనవాళ్లు ఏం తీసుకున్నారు? దీనికి జవాబు మిషన్ రిపోర్టుల్లో తక్కువ, మన ఇళ్లలోనూ ఆదివారం కూడికల్లోనూ ఎక్కువ దొరుకుతుంది. మేము యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా ఈ వ్యాసానికి మొదటి ఆధారం ఆవిడే.

పుస్తకం ముందు ఎవరి చేతికొచ్చింది

తెలుగు బైబిలు కథ మన ప్రాంతంతో గట్టిగా ముడిపడి ఉంది. అంతకుముందే 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి అనువాదం చేశాడు గాని అది అచ్చుకాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే మరాఠీ బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్లకు అనువాదంలో తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. పర్లాకిమిడి దగ్గర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) క్రైస్తవుడై తెలుగులో కట్టిన కీర్తనలు ఇప్పటికీ అన్ని సంఘాల్లో పాడుతున్నారు.

ఇక్కడ మేము గమనించేది ఒకటి. వాక్యం తెలుగులోకి వచ్చిన తొలి రోజుల్లో దాని చుట్టూ ఉన్నవాళ్లు దొరలు, పండితులు, బ్రాహ్మణులు. అందుకే ఆ భాషలో గ్రాంథికం గట్టిగా పట్టుకుంది. మాలపేటలో ఎవరూ మాట్లాడని తెలుగు అది. విశాఖలో సువార్త అనువాదమైన నాటికీ, శ్రీకాకుళం పల్లెల్లో కంబారి ఇంటికి అది చేరిన నాటికీ మధ్య చాలా ఏళ్లు గడిచాయి.

1875లో కెనడా తూర్పుతీరపు బాప్టిస్టులు ఇక్కడికొచ్చారు. మొదట సయాం దేశంలో కరెన్ల మధ్య పనిచేద్దామని వెళ్లి, అక్కడ వీలుకాక తెలుగు నేలకి మళ్లినవాళ్లు వీళ్లు. భీమిలితో మొదలై శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి వైపు విస్తరించారు. సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీ నుంచి బ్రెక్లం లూథరన్లు వచ్చారు. పేటల్లో బడి, బైబిలు పంతులు, బైబిలు స్త్రీ అన్నవి ఈ కాలంలోనే పెరిగాయి.

ఒంగోలు ప్రాంతంతో పోలిస్తే ఇక్కడ కథ వేరుగా నడిచింది. అక్కడ ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ నాయకులు ముందు నడిచారు. కరువు వెనువెంటనే 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఉత్తరాంధ్రలో అలాంటి ప్రవాహం రాలేదు. 1866 కరువు గంజాం జిల్లాని, అంటే అప్పటి శ్రీకాకుళం ప్రాంతాన్ని కూడా, పిండి పారేసింది. అయినా పేటలకి పేటలు కదల్లేదు. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీల కింద ఊరి పెద్దల పట్టు బలంగా ఉండడం ఒక కారణమని మేము అనుకుంటున్నాం. ఇక్కడ ఒక ఇల్లు, రెండిళ్లు, అలా వచ్చారు. వచ్చినవాళ్లకి గుంపు బలం లేదు. ఉన్నది పుస్తకం. గింజల కోసం మారారనేవాళ్లు ఈ సంగతికి జవాబు చెప్పాలి. గింజలే కారణమైతే 1866 తర్వాత ఈ నేల నిండా గుళ్లు లేచి ఉండాలి.

చెవితో చదివినవాళ్లు

మా నాయనమ్మ బైబిల్ని చెవితో చదివింది. పేటలో ఒకరు చదువుతుంటే పదిమంది కూచుని వినేవారు. విన్నదాన్ని పొలంలో ఊడ్పుల కాడ మళ్లీ చెప్పుకునేవారు. గ్రాంథికం అక్కడే కరిగిపోయేది. "సదువు నేకపోతే ఏటిరా, ఇన్నది మర్సిపోతానేటి?" అనేది ఆవిడ. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు శ్రీముఖలింగం దగ్గర పుట్టి పర్లాకిమిడిలో పనిచేశారు. ఆయన పండితుల సభల్లో ఏ భాష కోసం వాదించారో ఆ భాషలోకి బైబిల్ని మార్చే పని మన ముసలమ్మలు కాగితం, కలం లేకుండానే చేసుకుపోయారు.

బైబిలు స్త్రీల గురించి ఒక మాట చెప్పాలి. మిషన్లో ఆడవాళ్ల పని వెనక కెనడా ఆడవాళ్ల పూనిక ఉంది. 1870లో హన్నా మరియా నోరిస్ చొరవతో అక్కడ స్త్రీల సహాయ సంఘాలు మొదలయ్యాయి. కాని ఇక్కడ ఎండలో ఇల్లిల్లూ తిరిగింది మన ఆడవాళ్లు. ఒక దళిత స్త్రీ చేతిలో పుస్తకం పట్టుకుని అరుగు మీద నిలబడి చదవడం, పై కులాల ఆడవాళ్లు గుమ్మం లోపలి నుంచి వినడం, ఇది ఆ ఊరి కట్టుబాటులో ఎక్కడా లేని దృశ్యం. మిషన్ రిపోర్టుల్లో దొరల పేర్లు పదేపదే కనిపిస్తాయి. ఈ ఆడవాళ్లు చాలాసార్లు అంకెలుగా మాత్రమే మిగిలారు.

ఏ అధ్యాయాలు గుర్తున్నాయి

ఇన్ని వందల పుటల పుస్తకంలో మనవాళ్లకి ఏవి గుర్తుండిపోయాయో చూస్తే వాళ్ల చదువు పద్ధతి తెలుస్తుంది. మా నాయనమ్మ పదేపదే చెప్పినవి నాలుగు.

మొదటిది రూతు కథ. మొగుడు పోయిన పరాయిదేశపు పిల్ల, అత్తని వదలకుండా వచ్చి, కోతల వెనక పరిగె ఏరుకుని ఇద్దరి కడుపులూ నింపింది. మా నాయనమ్మ కూడా పరిగె ఏరింది. వరి కోసిన మడిలో వెన్ను కోసం వంగితే రైతు కేకేసి తరిమిన సందర్భాలు ఆవిడకి తెలుసు. లేవీయకాండంలో పొలం అంచులు పూర్తిగా కోయొద్దని, రాలిన వెన్ను బీదలకీ పరదేశులకీ వదిలెయ్యమని దేవుడే రైతుకి ఆజ్ఞ పెట్టాడని విన్నప్పుడు ఆవిడకి అర్థమైంది ఒక్కటే. పరిగె దానం కాదు, హక్కు. "మనం దొంగలం కాదురా, అది మనకి రాసిందే" అనేది.

రెండోది యాకోబు పత్రిక 5వ అధ్యాయం. చేను కోసినవాళ్ల కూలి బిగబట్టిన ధనవంతుణ్ని అక్కడ యాకోబు గట్టిగా దులుపుతాడు. ఆ ఎగ్గొట్టిన కూలే దేవుడి దగ్గర మొరపెడుతుందంటాడు. కళ్లంలో కుంచం తలకొట్టి కొలిచే రైతుని చూసినవాళ్లకి దీనికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

మూడోది నాబోతు ద్రాక్షతోట. తాతల నాటి నేల ఇవ్వనన్నాడని అహాబు రాజు మంచం ఎక్కుతాడు. రాణి దొంగసాక్షుల్ని పెట్టి నాబోతుని రాళ్లతో కొట్టి చంపిస్తుంది. రాజు తోట స్వాధీనం చేసుకోబోతే ఏలీయా ఎదురొచ్చి నిలదీస్తాడు. రాజు, కచేరీ, దొంగసాక్ష్యం, నేల. జమీందారీ కింద బతికినవాళ్లకి ఇందులో పరాయి సంగతి ఏదీ లేదు.

నాలుగోది నిర్గమకాండం. దీని వెనక బర్మా ఉంది. గంజాం, విశాఖ జిల్లాల నుంచి వేలాదిమంది రంగూన్ రేవుకీ, బియ్యం మిల్లులకీ వలసపోయారు. శ్రీకాకుళంలో పనిచేసిన డబ్ల్యు.ఎఫ్. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన్ని పెళ్లాడిన మరియా నోరిస్ తర్వాత బర్మా వెళ్లి అక్కడి తెలుగు, తమిళ కూలీల మధ్యే పనిచేశారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత అల్లర్లు రేగి ఎందరో చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలమంది అడవుల వెంట, కొండల వెంట నడిచి వచ్చారు. మా నాయనమ్మ తండ్రి వాళ్లలో ఒకడు. చేతులూపుకుంటూ వచ్చాడు. ఐగుప్తు దాటిన జనం అరణ్యంలో ఆకలికి గొణిగారని పంతులు చదివితే, "గొణగరేటి మరి, నడిసినోడికి తెలుస్తాది" అన్నాడట.

ఈ నాలుగింటిలోనూ పరలోకం లేదు. పొలం ఉంది, కూలి ఉంది, నేల ఉంది, నడక ఉంది. దళిత క్రైస్తవుల భక్తి అంతా చచ్చిన తర్వాత దొరికే సుఖం గురించేనని చెప్పే మిత్రులు ఈ సంగతి చూడాలని మా మనవి.

ఆదరణ అక్కర్లేదని కాదు. చావు ఇంట్లో 23వ కీర్తన చదవని పేట మాకు తెలీదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసి, ఆ ఏడాది అదే దారి అనుకునేవాళ్లు ఇంటింటా ఉన్నారు. చదువుకున్నవాళ్లం దాన్ని చూసి నవ్వుతాం. కాని మా బంధువు ఒకావిడ, భయపడొద్దు అనే అర్థం వచ్చే కార్డు దొరికిన ఏడాది, ఊరంతా కాదన్నా కూతుర్ని పెళ్లి చెయ్యకుండా హాస్టలుకి పంపింది. ఆ పిల్ల ఇవాళ నర్సు. ధైర్యం ఎక్కడి నుంచో రావాలి. ఆవిడకి అక్కడి నుంచి వచ్చింది.

అంబేద్కర్ అడిగిన ప్రశ్న

ఇంతచెప్పి ఆపేస్తే మేము కూడా మిషన్ చరిత్రకారులమే అవుతాం. దళిత క్రైస్తవుల స్థితి మీద అంబేద్కర్ రాసిన వ్యాసాల్లో ఒక గట్టి విమర్శ ఉంది. పాపం మనిషి లోపల ఉందని నేర్పితే, సమాజం చేసే అన్యాయం మీద పోరాడాలన్న కసి చల్లారిపోతుందని ఆయన అన్నాడు. ఇది నిజమేనని మన అనుభవం కూడా చెబుతుంది. నాబోతు కథ చదివిన సంఘం బంజరు భూమి కోసం ధర్నాకి వెళ్లడం తక్కువ. యాకోబు పత్రిక విన్నవాళ్లు కూలి సంఘం పెట్టుకోవడం ఇంకా తక్కువ. పేటలో మాల గుడి వేరు, రెల్లి గుడి వేరు అయిన చోట్లు మేము చూశాం. పుస్తకం మోసిన ఆడవాళ్లని పులిపీఠం ఎక్కనివ్వని సంఘాలూ చూశాం. వాక్యంలో దొరికిన దారిని వీధిలోకి తేవడంలో మన సంఘాలు వెనకబడ్డాయి.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని నరికి చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకున్న భూమిలో మిగిలిన చెక్కని దళితులు సాగు చేసుకోవడమే తగువుకి మూలం. ఆ తర్వాతి ఆదివారం ఎన్ని గుళ్లలో నాబోతు అధ్యాయం చదివారు? ఈ ప్రశ్న మేము పాస్టర్లని అడగడానికి ముందు మమ్మల్ని మేమే అడుగుతున్నాం.

కాగితం మీద మతం

ఆశ గురించి మాట్లాడేటప్పుడు దానికి కట్టిన వెల కూడా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకి పరిమితం చేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తెరిచారు. క్రైస్తవులకి తెరవలేదు. మన రాష్ట్రంలో వాళ్లని బి.సి.-సి కింద పెట్టి ఒక శాతం ఇచ్చారు. ఒకే గుడిలో ఒకే బల్ల మీద కూచున్న జాతాపు క్రైస్తవుడు ఎస్టీగానే ఉంటాడు, మాల క్రైస్తవుడు ఎస్సీ కాకుండా పోతాడు. ఊరి బావి దగ్గర, కళ్లంలో, టీ కొట్టులో మాత్రం అతను మాలవాడే. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ అడగలేడని తీర్పు చెప్పింది.

మేము స్కాలర్‌షిప్పు కోసం మొదటిసారి ఒక ఆఫీసుకి వెళ్లినప్పుడు గుమాస్తా మా పేరు చూసి, "గుడికెళ్తావా, చర్చికెళ్తావా?" అని అడిగాడు. పక్కన నాయనమ్మ ఉంది. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. దారిలో బస్సులో మాత్రం, "పేతురు కూడా మంటకాడ నిలబడి తెలీదన్నాడురా. కోడి కూసినాక ఏడిసేడు. మళ్లీ ఆడికే మందనిచ్చేడు దేవుడు" అంది. ఆవిడ మమ్మల్ని క్షమించిందో, మందలించిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇలా రెండు బతుకులు బతికే ఇళ్లు ఈ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్లని అబద్ధాలకోరులనడం తేలిక. మనిషిని అబద్ధంలోకి నెట్టిన కాగితాన్ని అడగడం కష్టం.

పరిశోధకులకి, పంతుళ్లకి, ఉద్యమ మిత్రులకి మా విన్నపం ఇది. పేటల్లో ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఏ అధ్యాయాలు ఎందుకు గుర్తున్నాయో వాళ్లని అడిగి రాసుకోండి. చదువు రాదని వాళ్లని పక్కన పెట్టొద్దు. పంట కోసుకుపోయినవాళ్ల చరిత్ర చాలానే రాశారు. వెనక వంగి పరిగె ఏరినవాళ్లకి ఏం దొరికిందో రాయాల్సింది మనమే.