కాన్పువేళను తెలుపు కావలి సైన్యము

నెలలు నిండకమున్నే బిడ్డ కలిగినచో మన యిండ్లలో మొట్టమొదట బయలుదేరు ప్రశ్న “తల్లి యేమి చేసినది?” అనునదే. బరువెత్తినదనియో, మెట్లెక్కినదనియో నేరమామెపై మోపుదురు. ఈ విషయమున శాస్త్రజ్ఞుల విచారణ యే దారిని నడచినదో నేడు మేము శ్రోతలకు మనవి చేయదలచితిమి.

నొప్పులను ప్రారంభించు వారెవరు? ఆహారము చాలక శిశువే పొరలు చించుకొని వెలికి వచ్చునని హిప్పోక్రటీసు పేరనున్న గ్రీకు గ్రంథము చెప్పినది. ఎనిమిదవ మాసమున ఓజస్సు తల్లిబిడ్డల నడుమ నిలుకడలేక సంచరించుననియు, ఆ నెల కాన్పు ప్రమాదకరమనియు చరకసంహిత వచించినది.

1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ కొత్త చిక్కునొకదానిని ముందుంచెను. పరుల చర్మమును అతికించినచో మన శరీరము దానిని కొలది దినములలోనే త్రోసివేయును. శిశువునందు సగము తండ్రి అంశయే గదా. తల్లి శరీరము దానిని తొమ్మిది నెలలు ఎట్లు భరించుచున్నది? తల్లి రక్షణశక్తి మందగించి యుండవచ్చుననుట ఆయన సూచించిన సమాధానములలో నొకటి. తరువాతి పరిశోధనలు వేరొక సంగతిని బయల్పరచినవి. ఆ శక్తి నిద్రించుట లేదు. గర్భాశయమున చేరిన తెల్లకణములు తొలి మాసములలో మావికి రక్తమందించు నాళములను సిద్ధపరచుటకు తోడ్పడును.

1960 తరువాతి దశాబ్దమున న్యూజిలాండులోని ఆక్లండు నగరమున లిగిన్స్ అను వైద్యుడు గొఱ్ఱెలపై ప్రయోగములు చేసి, కడుపులోని పిల్ల దేహమున పుట్టు కార్టిసాలే ఈనుటకు నాంది యని చూపెను. మానవులలో వ్యవహారమింత సులభము కాదు. 2004లో అమెరికాలోని డల్లాస్ శాస్త్రజ్ఞులు ఎలుకలలో మరియొక సంకేతమును కనుగొనిరి. పిల్ల ఊపిరితిత్తులు పక్వమగునపుడు ఒక మాంసకృత్తు ఉమ్మనీటిలో చేరును. అది అందలి భక్షకకణములను మేల్కొల్పగా, అవి గర్భాశయపు గోడలోనికి పోయి శోథను రేపును. ఊపిరి తీయుటకు సిద్ధమైతినని బిడ్డ పంపు కబురది.

స్త్రీలయందును ప్రసవసమయమున తల్లి తెల్లకణములు గర్భాశయ కండరమునను, ముఖద్వారమునను గుంపులుగా చేరుట కనబడినది. అవి విడుచు రసాయనములు ప్రోస్టాగ్లాండినుల ఉత్పత్తిని హెచ్చించును. అంతవరకు గర్భాశయమును శాంతపరచుచుండిన ప్రొజెస్టిరోను పట్టు సడలును. ముఖద్వారము మెత్తబడి నొప్పులు వచ్చును.

ముప్పు ఇక్కడనే యున్నది. సూక్ష్మజీవులు పైకి ప్రాకి పొరలను చేరినచో కావలి సైన్యము పోరుకు లేచును. ఆ పోరు సంకేతములనే గర్భాశయము కాన్పు పిలుపుగా గ్రహించును. అకాల ప్రసవములన్నియు దీనివలననే కావు. కవలలు, రక్తపు పోటు మొదలగు కారణములును గలవు. 2020లో ప్రపంచమున సుమారు 1 కోటి 34 లక్షల శిశువులు 37 వారములు నిండకయే పుట్టిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అకాల ప్రసవము రానున్న తల్లికి స్టెరాయిడ్ సూదిమందు నిచ్చినచో బిడ్డకు శ్వాసబాధ తగ్గునని 1972లో లిగిన్స్, హోవీలు ప్రకటించిరి. నేటికిని ఆ చికిత్స ఆసుపత్రులలో నడచుచున్నది. కాని మందు పనిచేయుటకు వ్యవధి కావలెను. కావున జ్వరము, ఉమ్మనీరు కారుట, దుర్గంధముగల స్రావము కనిపించిన గర్భిణిని జాగుచేయక ఆసుపత్రికి గొనిపోవలెను. నేరమెవరిదని విచారించుచు గడపు గడియలు ఆ బిడ్డకు చెందవలసిన గడియలు.