నల్ల సముద్రంలో దువ్వెన జెల్లీ: ఒక సంక్షోభానికి కారణాలు

1. ప్రస్తావన

మీరు కర్మన్‌ఘాట్ ప్రాంతవాసులైతే సమీపంలోని సరూర్‌నగర్ చెరువుపై గుర్రపుడెక్క పరుచుకోవడం చూసే ఉంటారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్కను మన దేశానికి తెచ్చినది మనుషులే. దానిని పెంచి పోషించినది మురుగునీరు. అయితే చెరువు పాడవడానికి మొక్క ఒక్కటే కారణమా? ఇదే ప్రశ్నను నల్ల సముద్ర చరిత్రకు అన్వయించి చూద్దాం.

2. జీవి, ఆవాసం

నీమియాప్సిస్ లీడియై టీనోఫోరా వర్గానికి చెందిన జీవి. దీని స్వస్థలం అమెరికా ఖండాల అట్లాంటిక్ తీరజలాలు. దువ్వెన పళ్లలా అమరిన శైలికల 8 వరుసలతో ఇది ఈదుతుంది. జెల్లీ చేపలా కుట్టదు. జిగురు కణాలతో ఎరను పట్టుకుంటుంది. జంతు ప్లవకాలు, చేపల గుడ్లు, పిల్లలు దీని ఆహారం. ఇది ఉభయలింగ జీవి కనుక ఒక్క జీవి నుంచి కూడా సంతతి మొదలవగలదు. ఉప్పు శాతంలో, ఉష్ణోగ్రతలో పెద్ద మార్పులను తట్టుకోగలదు.

3. సంఘటనల క్రమం

ఓడలు సమతూకం కోసం నింపుకొనే బ్యాలస్ట్ నీటి ద్వారా ఇది నల్ల సముద్రం చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1982లో అక్కడ మొదటిసారి కనిపించింది. 1989 నాటికి విపరీతంగా పెరిగింది. అదే కాలంలో మన నెత్తళ్ల కుటుంబానికే చెందిన ఆంకోవీ చేపల పట్టుబడి కుప్పకూలింది. తీరప్రాంత జాలరులు జీవనోపాధి కోల్పోయారు. 1999 నాటికి ఈ జీవి కాస్పియన్ సముద్రానికీ చేరింది.

4. కారణాల పరిశీలన

ఒక సంఘటన తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిదే రెండవదానికి కారణమని చెప్పలేం. జెల్లీ రాకముందే డాన్యూబ్ వంటి నదులు ఎరువుల అవశేషాలను సముద్రంలోకి చేర్చాయి. ప్లవకాలను తినే చిన్న చేపలను అదుపులో ఉంచే బోనిటో, మాకెరెల్ వంటి పెద్ద చేపలు అప్పటికే తగ్గిపోయాయి. ఆంకోవీని కూడా మితిమీరి పట్టారు. జెల్లీని తినే మరో దువ్వెన జెల్లీ, బెరోయే ఒవాటా, 1997లో కనిపించింది. కానీ టర్కీలో ఆంకోవీ పట్టుబడి అంతకుముందే కొంత కోలుకుంది. కాబట్టి జెల్లీ ఒక కారణమే కాని, ఏకైక కారణం కాదు.

5. పరిణామం

బ్యాలస్ట్ నీటి నియంత్రణకు 2004లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది; 2017లో అమలులోకి వచ్చింది. విశాఖపట్నం వంటి రేవులకూ ఈ సమస్య వర్తిస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి

నల్ల సముద్ర సంక్షోభంలో జెల్లీ పాత్రను, మానవ చర్యల పాత్రను వేరుచేసి 10 వాక్యాలలో రాయండి. మీ ప్రాంతంలోని చెరువుతో పోల్చండి.