రిజిస్టరు నుండి ధ్రువపత్రము వఱకు

2001వ సంవత్సరము జనవరి 1వ తేదీన మన నగరము కలకత్తా యను పేరు విడిచి కోల్‌కతా యైనది. కార్యాలయముల బోర్డులును, ముద్రలును, ఉత్తరముల శిరోభాగములును ఒకటొకటిగా మారినవి. హైకోర్టు మాత్రము పాత పేరునే నిలుపుకొన్నది. అయినను దానిని చూచి ఎవరును ఇది మోసమనలేదు. ఒక మహానగరమునకు ఇంత తేలికగా జరిగిన పని యొక మనుష్యునకు ఎంత దుర్ఘటమైనదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము. సర్కారు కాగితములలో "పురుషుడు", "స్త్రీ" అని వ్రాయబడిన ఒక్క మాటను మార్పించుకొనుటకై మన దేశమున కొందఱు తరతరములు నిరీక్షింపవలసి వచ్చినది.

కాగితము యొక్క మహిమ మనకు ఒకరు చెప్పవలసినది కాదు. పింఛను పుచ్చుకొను పెద్దలు తాము సజీవులై యున్నామని ఏటేట జీవన ప్రమాణపత్రము సమర్పించుకొనవలెను. పేరులో ఒక్క యక్షరము తేడా వచ్చినచో ప్రావిడెంటు ఫండు సొమ్ము నెలల తరబడి నిలిచిపోవుట మనమెఱిగినదే. అట్టిచో బల్ల కీవల నిలిచిన మనుష్యుని రూపమొకటియు, కాగితములోని మాట మఱియొకటియు నైనప్పుడు ఆ మనుష్యుని గతి యేమి? అద్దె యిల్లు, బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, ఆసుపత్రిలో మంచము, అన్నియు ఆ ఒక్క మాటకడనే ఆగిపోవును.

మన పూర్వులకు ఈ విషయము క్రొత్తది కాదు. తృతీయ ప్రకృతి యను మాట సంస్కృత వాఙ్మయమున ప్రాచీనమైనది. శిఖండి కథ వినని తెలుగువాడు లేడు. విరాటుని కొలువున బృహన్నల నర్తనాచార్యత్వము వహించిన వృత్తాంతమును తిక్కన సోమయాజి మన భాషలో చిరస్మరణీయము గావించెను. మన "వారు" అను గౌరవపదము ఆడ, మగ భేదము నెంచదు. ఇక వంగభాష మఱింత ఉదారము: అందు సర్వనామమునకు గాని, క్రియకు గాని లింగభేదమే లేదు. ఇక్కడి బజారులో కొంత బెంగాలీ నేర్చిన ప్రతి తెలుగు గృహిణియు ఈ సౌకర్యము నెఱుగును. భాష అడుగని ప్రశ్నను అడిగినది దరఖాస్తు కాగితము.

ఆ ప్రశ్న మొదట దండనరూపమున వచ్చినది. కలకత్తా రాజధానిగా ఏలుచుండిన ఆంగ్ల ప్రభుత్వము 1871వ సంవత్సరమున నేరస్థ జాతుల చట్టమును చేసెను. అందలి రెండవ భాగము హిజ్రాలను గూర్చినది. అది ఆనాటి వాయవ్య పరగణాలు, అయోధ్య, పంజాబులకు ఉద్దేశింపబడినది. బాలురను అపహరించుట మొదలగు నేరములు చేయుదురని అనుమానింపబడిన వారి పేర్లు, నివాసములు రిజిస్టరున కెక్కవలెను. వారి యాస్తులకు సైతము పట్టిక వ్రాయవచ్చును. అట్లు నమోదైన వ్యక్తి స్త్రీవేషమున బహిరంగముగా కనబడినను, ఆడినను, పాడినను వారెంటు లేకుండ పట్టుకొని రెండేండ్ల వఱకు ఖైదు విధింపవచ్చును. ఆ వ్యక్తి దానపత్రము గాని, వీలునామా గాని వ్రాయరాదు, దత్తత చేసికొనరాదు. ఎవరు ఈ వర్గమువారో తేల్చుటకు వైద్యపరీక్ష యొక సాధనము. 1884లో ఖైరాతి యను వ్యక్తిని స్త్రీవేషమున నుండగా పట్టుకొని శిక్షించిరి. నేరము రుజువు కాలేదని అలహాబాదు హైకోర్టు విడిచిపెట్టెను.

1911లో ఈ చట్టమును తిరిగి వ్రాసినప్పుడు హిజ్రాల భాగము తొలగిపోయెను. రాజధానియు కలకత్తాను విడిచి ఢిల్లీకి పోవునని ప్రకటింపబడినది ఆ సంవత్సరముననే. స్వాతంత్ర్యానంతరము 1952లో చట్టమే దేశమంతట రద్దయ్యెను.

కథ అంతటితో ముగియలేదు. ఆ రిజిస్టరు మన తెలుగునాటనే మఱియొక రూపమున బ్రతికియుండెను. నిజాం ప్రభుత్వము 1329 ఫసలీలో, అనగా 1919లో, హైదరాబాదు సంస్థానమున ఇట్టి చట్టమునే చేసెను. సంస్థానము పోయినది, ఆంధ్రప్రదేశ్ వచ్చినది, తెలంగాణ వేఱైనది. పుస్తకములలో చట్టము మాత్రము నిలిచియుండెను. 2018లో ప్రజాప్రయోజన వ్యాజ్యము దాఖలు కాగా, 2023వ సంవత్సరము జులై మాసమున తెలంగాణ హైకోర్టు ఆ శాసనము రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను. రిజిస్టరును వ్రాయుట యెంత సులభమో, మూయుట యంత కష్టము.

ఈ మధ్యకాలమున లెక్కించుటలోని భావము మెల్లగా మారజొచ్చెను. 2009లో ఎన్నికల సంఘము ఓటర్ల జాబితాలో "ఇతరులు" అను గడిని చేర్చినది. 2011 జనాభా లెక్కలలో ఆ గడిక్రింద దేశమంతట 4,87,803 మంది నమోదైరి. అందు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది, పశ్చిమ బెంగాలులో 30,349 మంది. 1871లో పట్టుకొనుటకు లెక్కించిరి; ఇప్పుడు గుర్తించుటకు లెక్కించిరి.

2014వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన సుప్రీంకోర్టు వెలువరించిన నాల్సా తీర్పు ఈ చరిత్రలో మహాసంధి. న్యాయమూర్తులు కె. ఎస్. రాధాకృష్ణన్, ఎ. కె. సిక్రీ గారలు తృతీయ లింగమును గుర్తించిరి. తాను పురుషుడో, స్త్రీయో, తృతీయ లింగ వ్యక్తియో నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదేయనియు, అందుకై శస్త్రచికిత్సను నిర్బంధించుట చట్టవిరుద్ధమనియు చెప్పిరి.

దాని ఫలము మన వంగదేశమున త్వరలోనే కనబడెను. 2015లో ఇచ్చట ట్రాన్స్‌జెండర్ అభివృద్ధి మండలి యేర్పడెను. ఆ సంవత్సరముననే శ్రీమతి మానవీ బందోపాధ్యాయ నదియా జిల్లా కృష్ణనగర్ మహిళా కళాశాలకు ప్రిన్సిపాలై, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో దేశమున ఆ పదవి నందిన ప్రథమురాలుగా ప్రసిద్ధి గాంచిరి. ఉద్యోగమున చేరిననాడు ఆమె కాగితములు పురుషనామముతో నుండెను. 2017లో జోయితా మండల్ ఇస్లాంపూర్ లోక్ అదాలత్ పీఠమున కూర్చుండెను. ఒకనాడు న్యాయస్థానమున బోనులో నిలువవలసిన వర్గమునకు చెందిన వ్యక్తి పీఠమెక్కుట ఎంత మార్పో యోచింపుడు.

2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టము 2020 జనవరి 10వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము, ఆ సంవత్సరమే వెలువడిన నియమముల ప్రకారము, దరఖాస్తును, ప్రమాణపత్రమును జిల్లా మేజిస్ట్రేటునకు పంపినచో వైద్యపరీక్ష లేకయే ముప్పది దినములలో గుర్తింపు ధ్రువపత్రము నీయవలసియుండెను. సర్కారు కాగితములన్నిటను దాని ననుసరించియే వ్రాయవలసియుండెను. అయితే "పురుషుడు" లేక "స్త్రీ" అని మార్పించుకొనదలచినచో శస్త్రచికిత్స జరిగినట్లు ఆసుపత్రి అధికారి పత్రమును చూపవలెనని చట్టము విధించెను. కత్తితో పనిలేదని 2014 తీర్పు పలుకగా, కత్తి గుర్తును చూపుమనుట యేమని అనేకులు ఆక్షేపించిరి. మోసములను నివారించుటకు ఏదో యొక ఆధారము వలయునని మఱికొందఱి వాదము. కాని ప్రమాణపత్రముపై అసత్యము వ్రాయుట యెప్పుడును నేరమే. నూర్గురను అవమానించుట ఒక్క మోసగానిని పట్టుటకు తగిన మార్గమని నాకు తోపదు.

ఇతర దేశములును ఈ దారినే నడచినవి. 1972లో స్వీడన్ ఇట్టి మార్పునకు మొదటి చట్టము చేసెను. 2012లో అర్జెంటీనా వైద్యుని పత్రము గాని, న్యాయస్థానము గాని అక్కఱలేకయే వ్యక్తి మాటనే అంగీకరించెను. మన పొరుగున నేపాలు సుప్రీంకోర్టు 2007లోనే తృతీయ లింగమును గుర్తింపవలెనని చెప్పెను.

ఈ చరిత్ర మన కార్యాలయముల కెట్లు చేరినదో చెప్పి విరమింతును. 2018లో పాన్ కార్డు దరఖాస్తున ట్రాన్స్‌జెండర్ గడి చేరెను. 2020 ఏప్రిల్ 20వ తేదీన సిబ్బంది శిక్షణ శాఖ, కేంద్ర ఉద్యోగముల పరీక్షా దరఖాస్తులలో ఆ గడిని చేర్పుడని మంత్రిత్వశాఖలకు వ్రాసెను. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇరువురు ట్రాన్స్‌జెండర్ వైద్యులు సర్కారు కొలువున చేరిరి.

చట్టము ఢిల్లీలో పుట్టును. కాని అది నెఱవేరునది గుమాస్తా బల్లపైన. దరఖాస్తును చేతికి తీసికొని, "కూర్చుండుడు" అని మర్యాదగా పలికి, ఫైలును కదలించువాడు మనలో నొకడే. రేపు అట్టి కాగితము మన బల్లపైకి వచ్చినచో, ఆ మనుష్యుని నఖశిఖపర్యంతము చూచి నవ్వకుండుట మన మొదటి ధర్మము. కాగితమును నిలుపకుండుట రెండవది. అట్టి బిడ్డ మన యింటనే పుట్టినచో, గడప దాటింపకుండుట అన్నిటికంటె ముందటి ధర్మము. "వారు" అను చల్లని మాటను మనకిచ్చిన భాషకు మనము తీర్చుకొనదగిన ఋణ మిదియే.